గుర్తు వయసు వేరు, అర్థం వయసు వేరు

(ప్రాచీన మత చిహ్నాల మీద జరిగిన ప్రసంగానికి రాత ప్రతి. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. లైట్లు కొంచెం తగ్గిస్తారా? తెర మీద బొమ్మ కనబడాలి. ఆ, చాలు.

ఇది గలిలయ సముద్రం ఒడ్డున కపెర్నహూములో ఉన్న యూదుల సమాజమందిరం. ఇప్పుడు శిథిలాలే మిగిలాయి. సుమారు క్రీ.శ. నాలుగైదు శతాబ్దాల నాటిదంటారు. గోడ మీద అలంకారంగా చెక్కిన రాతి పట్టీ చూడండి. ఒకచోట ఆరు మూలల నక్షత్రం. దానికి తోడు ఐదు మూలల నక్షత్రం. వాటితో పాటు స్వస్తిక. అవునండీ, స్వస్తికే. యూదుల ప్రార్థనా స్థలంలో.

ఈ మూడూ ఒకే కట్టడంలో! ఇవాళ ఎవరైనా కొత్త మందిరం కట్టి ఇవే మూడు పక్కపక్కన చెక్కించారనుకోండి. ఏమవుతుంది? తెల్లారేసరికి పోలీసులు వస్తారు. మరి ఆనాటి శిల్పికి ఏమైంది? ఏమీ కాలేదు. ద్రాక్షతీగ చెక్కాడు, దానిమ్మ చెక్కాడు, నక్షత్రం చెక్కాడు, స్వస్తిక చెక్కాడు. యూదు మార్మిక సంప్రదాయాల్ని జీవితమంతా చదివిన గెర్షోమ్ షోలెమ్ ఏమన్నారంటే, అక్కడ ఆరు మూలల నక్షత్రానికి అలంకారాన్ని మించిన ప్రయోజనం ఉందనుకోవడానికి ఆధారమే లేదన్నారు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకటే. గుర్తు వయసు వేరు, దాని అర్థం వయసు వేరు. రెండింటినీ విడివిడిగా లెక్కపెట్టాలి. మనం ఏం చేస్తాం? ఆకారం ఐదు వేల ఏళ్ళదని తెలియగానే, ఇవాళ మనం చెప్పుకుంటున్న అర్థానికి కూడా ఐదు వేల ఏళ్ళ వయసు అంటగట్టేస్తాం. "ప్రాచీనులు దీన్ని ఇలా భావించేవారు" అంటాం. ఏ ప్రాచీనులు? ఎక్కడ రాశారు? అక్కడ అడిగేవాళ్ళుండరు.

ముందు ఐదు మూలల నక్షత్రం సంగతే చూద్దాం. చెయ్యి ఎత్తకుండా ఐదు గీతల్లో గీసేస్తామే, అది. మెసొపొటేమియాలో ఐదు వేల ఏళ్ళ కిందటే ఉంది. గ్రీసులో పైథాగరస్ శిష్యులు తమవాళ్ళని గుర్తుపట్టడానికి దీన్ని వాడేవారని, దీనికి "ఆరోగ్యం" అని పేరు పెట్టుకున్నారని లూసియన్ అనే రచయిత రాశాడు. లూసియన్ క్రీ.శ. రెండో శతాబ్దం వాడు, పైథాగరస్ క్రీ.పూ. ఆరో శతాబ్దం వాడు. మధ్యలో ఏడు వందల ఏళ్ళు. కాబట్టి ఆ మాటనీ మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. కానీ ఆరోగ్యం అన్నాడు చూడండి. దయ్యం అనలేదు, క్షుద్రం అనలేదు.

ఇంకా ముందుకు రండి. పద్నాలుగో శతాబ్దం చివర్లో ఇంగ్లీషులో రాసిన ఒక కావ్యంలో సర్ గావెయిన్ అనే వీరుడున్నాడు. ఆయన డాలు ఎర్రటిది, దాని మీద బంగారు రంగులో ఐదు మూలల నక్షత్రం. ఎందుకుందో కవి ఓపిగ్గా విప్పి చెబుతాడు. ఐదు ఇంద్రియాలు, ఐదు వేళ్ళు, క్రీస్తు ఒంటి మీది ఐదు గాయాలు, మరియమ్మ పొందిన ఐదు ఆనందాలు, వీరుడికి ఉండాల్సిన ఐదు సద్గుణాలు. డాలు లోపలి వైపు మరియమ్మ బొమ్మ కూడా ఉంది. అంటే, ఆ కవి దృష్టిలో అది నూటికి నూరు పాళ్ళు క్రైస్తవ గుర్తు.

"మామూలుగా ఉంటే మంచిది, తలకిందులైతేనే చెడ్డది" అంటారు కదా? ముందు వరసలో ఒకాయన తల ఊపుతున్నారు కూడా. ఫ్రాన్సులో ఆమియెన్ కెథడ్రల్ అని పెద్ద చర్చి ఉంది. దాని ఉత్తరం వైపు పెద్ద గుండ్రటి కిటికీ, రంగు గాజుది. ఆ కిటికీ మధ్యలో రాతి చట్రమే ఐదు మూలల నక్షత్రం. మొన ఎటుందో చూడండి. కిందికి! కెథడ్రల్ కట్టినవాళ్ళు సైతానుని కొలిచేవాళ్ళా? కాదు కదా. మరి ఈ తలకిందుల గొడవ ఎక్కణ్ణించి వచ్చింది?

దానికి తేదీ ఉంది, మనిషి పేరూ ఉంది. ఎలిఫాస్ లేవీ. అసలు పేరు ఆల్ఫోన్స్ లూయీ కాన్‌స్టాన్. ఫ్రెంచివాడు, పాదిరి కావడానికి చదివి మధ్యలో మానేసి మంత్రశాస్త్రంలో పడ్డాడు. 1850లలో రాసిన గ్రంథంలో ఒక మొన పైకి ఉంటే శుభం, రెండు మొనలు పైకి ఉంటే అశుభం, అది మేక తల అని తేల్చేశాడు. తర్వాత అదే శతాబ్దం చివర్లో ఇంకో ఫ్రెంచి రచయిత పుస్తకంలో నక్షత్రం లోపల మేక తల గీసి అచ్చేశారు. 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే "సైతాను చర్చి" పెట్టి దాన్నే గుర్తుగా తీసుకున్నాడు. ఇక సినిమాల వాళ్ళు మిగతా పని చేసేశారు. అర్థమైందా? ఆకారం తాత వయసుది, అర్థం మునిమనవడి వయసుది. మనం మాత్రం మునిమనవణ్ణి చూసి "అబ్బో, ఎంత పాతకాలం మనిషో" అంటున్నాం.

ఆరు మూలల నక్షత్రం కథ ఇంకో రకం. దీన్ని యూదుల గుర్తు అంటాం, ఆ మతమంత పాతదనుకుంటాం. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చి, దోచుకున్న వస్తువుల్ని ఊరేగించారు. ఆ ఊరేగింపు రోములో టైటస్ విజయతోరణం మీద ఇప్పటికీ కనిపిస్తుంది. వాళ్ళు భుజాల మీద మోసుకెళ్తున్నది ఏమిటి? ఏడు కొమ్మల దీపస్తంభం. నక్షత్రం కాదు. పాత సమాధుల మీద, నేల మీది మొజాయిక్ బొమ్మల్లో, దీపాల మీద, ఎక్కడ చూసినా ఆ దీపస్తంభమే యూదుల గుర్తు.

నక్షత్రం అప్పుడు ఎక్కడుంది? తాయెత్తుల్లో ఉంది. "సొలొమోను ముద్ర" అని ముస్లింలూ వాడారు, యూదులూ వాడారు, భూతాల్ని కట్టేస్తుందని క్రైస్తవ మాంత్రికులూ వాడారు. హుమాయూన్ సమాధి గోడల మీద ఉంది. తాంత్రిక యంత్రాల్లో పైకి చూసే త్రిభుజం శివుడు, కిందికి చూసే త్రిభుజం శక్తి అంటారు, అక్కడా ఇదే ఆకారం. ఎవరి లెక్క వారిది. 1354లో నాలుగో చార్లెస్ చక్రవర్తి ప్రాగ్ నగరపు యూదులకు సొంత జెండా పెట్టుకోనిచ్చాడు, దాని మీదికి ఈ నక్షత్రం ఎక్కింది. అక్కణ్ణించి ఒక్కో ఊరూ పాకింది. 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన మొదటి జియోనిస్టు మహాసభ, అంటే యూదులకు సొంత దేశం కావాలన్నవాళ్ళ సభ, దీన్ని తమ గుర్తుగా చేసుకుంది, 1948లో ఇజ్రాయెల్ జెండా మీదికి వచ్చింది. మధ్యలో నాజీలు పసుపుపచ్చ గుడ్డ మీద ఇదే నక్షత్రం కుట్టి, యూదులందరూ తొడుక్కోవాలని శాసించారు. ఒక తాయెత్తు గుర్తుని జాతి మొత్తానికి గుర్తుగా స్థిరపరచడంలో శత్రువు చెయ్యి కూడా ఉందన్నమాట. తమాషా ఏమిటంటే, ఇజ్రాయెల్ రాజ్యచిహ్నం మాత్రం నక్షత్రం కాదు. 1949లో పాత దీపస్తంభాన్నే తీసుకున్నారు, అదీ టైటస్ తోరణం మీది రూపంలోనే.

సరే. ఇప్పుడు శిలువ. ఇది కాస్త నింపాదిగా చెప్పుకోవాల్సిన కథ.

క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే క్రైస్తవ గురువు ఉండేవాడు. ముద్ర ఉంగరాల మీద ఏ బొమ్మ ఉండవచ్చో తన వాళ్ళకి చెప్పాడు. పావురం, చేప, ఓడ, వీణలాంటి వాయిద్యం, లంగరు. అంతే! శిలువ ఊసే లేదు. ఎందుకు లేదు? శిలువ అంటే అప్పటికి ఏమిటి? బానిసల్నీ తిరుగుబాటుదార్లనీ రోడ్డు పక్కన చంపే కొయ్య. చూస్తే కడుపులో తిప్పేది. దాన్ని ఉంగరం మీద ఎవడు చెక్కించుకుంటాడు?

అదే కాలానికి చెందిన ఒక గోడ రాత రోములో పాలటైన్ కొండ మీద 1857లో దొరికింది. దీన్ని జాగ్రత్తగా చూడండి. మొనదేలిన వస్తువుతో గోడ గచ్చు మీద గీకిన బొమ్మ. శిలువ మీద ఒక మనిషి, కానీ తల గాడిదది. కింద ఎడమవైపు ఒక కుర్రాడు చెయ్యెత్తి మొక్కుతున్నాడు. గ్రీకు అక్షరాల్లో, వంకరటింకరగా, "అలెగ్జమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని రాసుంది. ఎవరో తోటివాణ్ణి ఏడిపించడానికి గీకింది! శిలువ మీద క్రీస్తు అన్న బొమ్మకి మనకి దొరికిన అతి పాత ఉదాహరణల్లో ఇదొకటి. భక్తుడు గీసింది కాదండీ, వెక్కిరించేవాడు గీసింది. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి క్రైస్తవం వైపు మొగ్గాడు, శిలువ శిక్ష ఆగిపోయింది. ఆ శిక్షని కళ్ళారా చూసిన తరాలు పోయాకే శిలువ మీద క్రీస్తుని చర్చి తలుపుల మీద చెక్కగలిగారు. రోములో శాంటా సబీనా చర్చి చెక్క తలుపులు సుమారు 430 నాటివి. అంటే, క్రీస్తు పోయిన నాలుగు వందల ఏళ్ళకి.

ఇప్పుడు ఈజిప్టుకి రండి. ఐగుప్తు వాళ్ళకి "అంఖ్" అని ఒక గుర్తుంది. కింద శిలువ, పైన ఉచ్చులాంటి గుండ్రటి పిడి. అది వాళ్ళ బొమ్మల లిపిలో ఒక అక్షరం, జీవం అని అర్థం. టుటన్‌ఖామున్ అంటామే, ఆ పేరు మధ్యలో ఉన్నది ఇదే. ఆఖెనాతెన్ రాజు కాలపు శిల్పాల్లో సూర్యుడి కిరణాల చివర చిన్న చిన్న చేతులుంటాయి. ఆ చేతులు ఈ అంఖ్‌ని రాజు ముక్కుకి, రాణి ముక్కుకి అందిస్తుంటాయి, పీల్చుకోమని. ముక్కుకే ఎందుకు? ప్రాణం ఊపిరి కదా. ఇంత స్పష్టంగా అర్థం తెలిసిన గుర్తులు అరుదు. మరి అసలు ఆ ఆకారం దేని బొమ్మ? దాంట్లో పండితులకి ఇప్పటికీ పడదు. చెప్పుకి కట్టే పట్టీ అన్నారు ఐగుప్తు లిపి పండితుడు గార్డినర్, ముడేసిన గుడ్డ అన్నారు ఇంకొకరు.

క్రీ.శ. 391లో అలెగ్జాండ్రియాలో సెరాపిస్ దేవుడి గుడిని క్రైస్తవులు కూల్చేశారు. రాళ్ళు విప్పుతుంటే లోపల శిలువలాంటి గుర్తులు బయటపడ్డాయి. ఆ వెంటనే ఏం జరిగిందో కొన్ని దశాబ్దాల తర్వాత సోక్రటీస్ స్కొలాస్టికస్ అనే చర్చి చరిత్రకారుడు రాశాడు. తత్వవేత్త సోక్రటీస్ కాదు, వేరే ఆయన. క్రైస్తవులేమో "ఇది మాది, మా ప్రభువు శిలువ" అన్నారు. గుడివాళ్ళు "మీకూ మాకూ ఉమ్మడిది, మీకొక అర్థం, మాకొక అర్థం" అన్నారు. వాదన ముదిరింది. అప్పుడు, కొత్తగా క్రైస్తవంలోకి మారినవాళ్ళలో ఆ పాత అక్షరాలు తెలిసినవాళ్ళు కొందరు ముందుకొచ్చి, "ఇది రాబోయే జీవితం అని అర్థం" అని చదివి చెప్పారు. క్రైస్తవుల ఆనందానికి అంతులేదు. చూశారా, మా సంగతి వీళ్ళ పూర్వీకులకి ముందే తెలుసు అన్నారు! అయితే సోక్రటీస్ స్వయంగా క్రైస్తవుడై ఉండీ ఈ మాట నమ్మలేదు. ఆ గుర్తు చెక్కిన ఐగుప్తు పూజారులకి క్రీస్తు విషయం ముందుగా ఎలా తెలుస్తుంది అని రాశాడు. పదిహేను వందల ఏళ్ళకు పైబడిన మాట అది. గుర్తుల గురించి ఇవాళ మనం వినే చాలా మాటలకంటే నిఖార్సుగా ఉంది.

ఎవరు గెలిచారు? ఇద్దరూ. ఐగుప్తు క్రైస్తవులు ఆ అంఖ్‌నే శిలువగా తీసేసుకున్నారు, సమాధి రాళ్ళ మీద చెక్కారు, బట్టల మీద నేశారు, చేతిరాత గ్రంథాల్లో గీశారు. మరో పక్క, గుడి కూలిన మూడేళ్ళకి, 394 ఆగస్టు 24న ఫిలే దీవిలో ఒక పూజారి శాసనం చెక్కాడు. తేదీ తెలిసిన చిట్టచివరి ఐగుప్తు బొమ్మలిపి శాసనం అదే. ఆ తర్వాత ఆ లిపి చదివేవాడు లేకుండా పోయాడు.

చదివేవాడు పోతే ఏమవుతుంది? మార్మికత పుడుతుంది! ఇది నా అభిప్రాయం, మీరు కాదనవచ్చు. పదిహేడో శతాబ్దంలో అథనాసియస్ కిర్షర్ అనే మహాపండితుడు, జెసూట్ సంఘపు క్యాథలిక్ పాదిరి, ఐగుప్తు లిపిని చదివేశానన్నాడు. రోములో ఒక ఏనుగు బొమ్మ వీపు మీద నిలబెట్టిన చిన్న రాతి స్తంభం ఉంది, దాని మీది రాతని కూడా వ్యాఖ్యానించాడు. అండాకారపు గీత లోపల ఉన్న నాలుగైదు గుర్తులకి ఆయన చెప్పిన అర్థం ఎంతుందంటే, ఒసిరిస్ దేవుడి అనుగ్రహం, పవిత్ర క్రతువులు, అదృశ్య శక్తుల గొలుసు, నైలు నది మేళ్ళు, అన్నీ ఉన్నాయి. ఒక పేరా! 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ లిపి గుట్టు విప్పాక చూస్తే అక్కడ ఉన్నది ఏమిటి? రాజు పేరు. ఏప్రీస్. అంతకుమించి ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

మీరు నవ్వుతున్నారు గానీ, కిర్షర్ తెలివితక్కువవాడు కాదు. ఇది రహస్యం అని ముందే తీర్మానించుకుని మొదలుపెట్టాడు. అలా మొదలుపెడితే ఎంత చదువుకున్నవాడికైనా రహస్యమే దొరుకుతుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి ముందుకెళ్తాను. రెడ్ క్రాస్ గుర్తు 1864లో పెట్టుకున్నారు. స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేశాం, మతంతో పని లేదు అన్నారు. టర్కీ సైనికులకి అది శిలువలాగే కనిపించింది. 1876 నుంచి టర్కీని ఏలుతున్న ఒట్టోమన్ ప్రభుత్వం ఎర్ర నెలవంక వాడింది. పెట్టినవాడు ఏమనుకున్నాడన్నది ఒకటి, చూసినవాడు ఏమనుకున్నాడన్నది ఇంకొకటి. ఆ నెలవంకైనా, ఇస్లాం పుట్టకముందు వేల ఏళ్ళుగా మెసొపొటేమియాలో సిన్ అనే చంద్రదేవుడి గుర్తు. ఇస్లాంకి ముందు పర్షియాని ఏలిన సాసానియన్ రాజుల నాణేల మీదా ఉంది. ముస్లిం రాజ్యాల గుర్తుగా అది లోకమంతా స్థిరపడింది ఒట్టోమన్ల పుణ్యమాని.

ఇప్పుడు ఒక రాతి పలక చూపిస్తాను. ఈ ప్రసంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. అమరావతి స్తూపానిది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒకవైపు చూడండి. బోధివృక్షం, చెట్టు కింద ఆసనం. ఆసనం మీద ఎవరూ లేరు. కింద రెండు పాదముద్రలు. చుట్టూ జనం చేతులు జోడించి ఉన్నారు. ఎవరికి మొక్కుతున్నారు? ఖాళీ ఆసనానికి! ఇది క్రీ.పూ. ఒకటో శతాబ్దపు పని. ఇప్పుడు పలకని వెనక్కి తిప్పండి. మూడు నాలుగు వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. మూడో శతాబ్దంలో, అదే రాయిని తిప్పి రెండో వైపు చెక్కారు. అందులో స్తూపం ఉంది, సింహాలున్నాయి. స్తూపం వాకిట్లో బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు.

ఒకే రాయి. ఒకే స్తూపం. ఒకే మతం. ఒకవైపు పాదముద్రలతో సరిపెట్టారు, రెండోవైపు మనిషినే నిలబెట్టారు. బుద్ధుణ్ణి బొమ్మగా చెక్కకూడదన్న నియమం ఉండేదని చాలాకాలం అనుకున్నారు. 1990 ప్రాంతంలో సూసన్ హంటింగ్టన్ అనే కళాచరిత్రకారిణి వేరే మాట అన్నారు. ఆ పాత శిల్పాల్లో చాలావరకు బుద్ధుడికి బదులుగా పెట్టిన గుర్తులు కావు, ఆయన పోయాక ఆ క్షేత్రాలకి జనం వెళ్ళి చెట్టుకీ ఆసనానికీ మొక్కుతున్న దృశ్యాలు అని. ఈ వాదన ఇంకా తెగలేదు. నాకైతే రెండోది చాలాచోట్ల సబబుగా తోస్తుంది. చూడండి, ఆ ఆసనం గుర్తా, లేక నిజంగా ఆసనమేనా? ఈ ప్రశ్న వేసుకోకుండా "ఖాళీ ఆసనం శూన్యానికి ప్రతీక" అని పెద్ద పెద్ద మాటలు అనేయడం తేలిక.

సరే, స్వస్తిక దగ్గరికి వద్దాం. దీనికోసమే చాలామంది వచ్చారని నాకు తెలుసు.

ఉక్రెయిన్‌లో మెజిన్ అనే చోట తవ్వకాల్లో దంతంతో చేసిన చిన్న పక్షి బొమ్మలు దొరికాయి. మామత్ దంతం. మంచుయుగంలో తిరిగిన, ఒళ్ళంతా బొచ్చున్న ఏనుగు జాతి. బొమ్మలకి పది వేల ఏళ్ళకు చాలా పైనే ఉంటుంది వయసు. వాటి మీద మెలికలు మెలికలుగా గీతలు, కొన్నిచోట్ల ఆ మెలికలు స్వస్తికలాగా కలుస్తాయి. "ప్రపంచంలో మొదటి స్వస్తిక!" అని రాస్తుంటారు. 1965లో వాలెంటీనా బిబికోవా అనే శాస్త్రవేత్త ఒక మామూలు పని చేశారు. మామత్ దంతాన్నే పరిశీలనగా చూశారు. దంతం లోపల సహజంగానే అలాంటి గళ్ళూ మెలికలూ కనబడతాయి. ఆ పనివాడు దంతంలో కనిపించిన గీతల్నే మళ్ళీ గీశాడన్నమాట. సూర్యుడూ లేడు, విశ్వచక్రమూ లేదు. చేతిలో ఉన్న వస్తువుని చూసి గీశాడు.

అలాగని ప్రతి స్వస్తికకీ అర్థం లేదంటున్నానా? లేదు. సింధు లోయ ముద్రల మీద స్వస్తిక పదే పదే, శ్రద్ధగా, ఒంటరిగా చెక్కారు. వాళ్ళకి అదేదో ముఖ్యమైనదే. ఏమిటో వాళ్ళ లిపి చదివితేగానీ తేలదు. జైనులకి, బౌద్ధులకి, హిందువులకి మంగళం. ఈ మాటలకి మాత్రం గ్రంథాలున్నాయి, వాడకం ఉంది, ఎడతెగని సంప్రదాయం ఉంది. జపాన్ పటాల్లో బౌద్ధాలయం ఉందని చూపడానికి ఇదే గుర్తు వేస్తారు. అమెరికాలో నవాహో తెగవాళ్ళకి ఇది సుడి తిరిగే దుంగ, ఒక వీరుడి ప్రయాణ కథలోది. ఇన్ని చోట్ల ఉంటే అంతా ఒకే మూలం నుంచి వచ్చిందా? అక్కర్లేదు. రెండు గీతలు అడ్డంగా వేసి చివర్లు వంచితే వస్తుంది. బుట్ట అల్లేవాడికీ, బట్ట నేసేవాడికీ ఊరికే చేతికి తగిలే ఆకారం.

మరి జర్మనీకి ఎలా చేరింది? 1870లలో హైన్రిష్ ష్లీమన్ అనే జర్మన్, గ్రీకు కావ్యాల్లోని ట్రాయ్ నగరం ఉన్న చోటు తవ్వాడు. నూలు వడికే కదురుకి బరువు కోసం తగిలించే మట్టి బిళ్ళలు వందల కొద్దీ దొరికాయి. వాటిలో చాలావాటి మీద ఈ గుర్తు. ఆయన దాన్ని "ఆర్యుల" గుర్తు అన్నాడు. కదురు బిళ్ళ మీది గీత నుంచి జాతి సిద్ధాంతం దాకా! యూరపులో అప్పుడదే గాలి వీస్తోంది. మొదట్లో చాలామంది అదృష్టం కోసమే వాడారు. కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ వాడింది, ఫిన్లాండ్ వైమానిక దళం 1918 నుంచి వాడింది. 1920లో నాజీ పార్టీ జెండా మీదికి వచ్చింది, 1935లో దేశపు జెండా అయింది. పదిహేనేళ్ళు!

1940 ఫిబ్రవరిలో అరిజోనాలో నవాహో, హోపీ, అపాచీ, పాపగో తెగల ప్రతినిధులు ఒక పత్రం మీద సంతకాలు పెట్టారు. మా పూర్వీకులకి స్నేహానికి గుర్తుగా ఉన్నదాన్ని ఇంకో దేశం వాళ్ళు మైలపరిచారు, కాబట్టి ఇకమీద కంబళ్ళ మీద, బుట్టల మీద, బట్టల మీద దీన్ని వాడం అని. తప్పు ఎవరిది, వదులుకున్నది ఎవరు?

ఇక "వాళ్ళది అటు తిరిగింది, మనది ఇటు తిరిగింది, రెండూ వేరు" అనే మాట ఉంది. దయచేసి దాని మీద ఆధారపడకండి. పాత గుళ్ళలో, పాత ముద్రల్లో రెండు వైపులా తిరిగినవీ ఉన్నాయి. హిందువులు ఎక్కువగా వాడేదీ, నాజీలు వాడినదీ ఒకే వైపు తిరుగుతాయి. వాళ్ళు దాన్ని పక్కకి ఒంచారు, అంతే. తేడా గీతలో లేదు. జర్మనీ చట్టానికీ ఈ చిక్కు తప్పలేదు. నాజీ గుర్తులు బహిరంగంగా చూపడం అక్కడ నేరం. నాజీలని వ్యతిరేకించేవాళ్ళు స్వస్తికని కొట్టేసినట్టు చూపే బ్యాడ్జీలు అమ్మితే కూడా కేసయింది! 2007లో వాళ్ళ అత్యున్నత ఫెడరల్ న్యాయస్థానం కలగజేసుకుని, అది వ్యతిరేకతేనని చూడగానే తెలుస్తోంది కాబట్టి నేరం కాదని చెప్పాల్సొచ్చింది.

టైమ్ అయిపోవస్తోంది. డాలర్ నోటు మీది కన్ను గురించి అడగకుండా నన్ను పోనివ్వరు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. త్రిభుజంలో కన్ను యూరపు క్రైస్తవ చిత్రాల్లో దేవుడి గుర్తు, త్రిభుజం త్రిత్వం. అమెరికా రాజముద్ర కోసం 1776లోనే ఆ కన్ను ప్రతిపాదనకి వచ్చింది, 1782లో ఖాయమైంది. ఆ కన్ను ఇల్యూమినాటి అనే రహస్య సంఘానిదని పుకారు. ఆ సంఘాన్ని జర్మనీలోని బవేరియాలో పెట్టినదీ 1776లోనే, అదే ఈ పుకారుకి మూలం. కానీ వాళ్ళ గుర్తు కన్ను కాదు, గుడ్లగూబ. నోటు మీదికి ఆ కన్ను ఎక్కింది 1935లో.

ఆఖరుగా ఒకటి. గుండ్రటి గీత లోపల నిలువు గీత, కిందికి వాలిన రెండు గీతలు. శాంతి గుర్తు. 1958లో ఇంగ్లాండులో జెరాల్డ్ హోల్టమ్ అనే చిత్రకారుడు అణ్వాయుధాల వ్యతిరేక ఊరేగింపు కోసం గీశాడు. నావికులు జెండాలతో అక్షరాలు చూపిస్తారు కదా, ఆ పద్ధతిలో అణు నిరాయుధీకరణ అనే ఇంగ్లీషు మాటలకి మొదటి అక్షరాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. నిరాశతో చేతులు కిందికి చాపి నిలబడ్డ మనిషి కూడా అందులో ఉన్నాడని ఆయనే ఉత్తరంలో రాశాడు. 1970 నాటికి అమెరికాలో ఏమని ప్రచారమైందో తెలుసా? ఇది విరిగిన శిలువ అని, నీరో చక్రవర్తి కాలం నుంచి క్రైస్తవ ద్వేషుల గుర్తని! పన్నెండేళ్ళ పిల్లకి రెండు వేల ఏళ్ళ చరిత్ర కట్టేశారు. అప్పటికి హోల్టమ్ బతికే ఉన్నాడు. 1985 దాకా ఉన్నాడు. ఒక ఉత్తరం ముక్క రాసి అడిగితే సరిపోయేది.

ఇక నేను ఆపేస్తాను. లైట్లు వేయండి. వెనకాల ఎవరో చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు ముందు అటు ఇవ్వండి.